మారెక్క కుంట

మారెక్క కుంటలో నీళ్లు రాత్రికి రాత్రే మోకాలి లోతుకు దిగిపోయాయి. నీటి అధికారి పక్క చేని ఓబులేసును జీపు ఎక్కించబోతున్నాడు. సర్కారు ఇంటికొక కుంట తవ్వించి ఇచ్చిన ఆ సీమలో నీళ్లు దొంగిలించినవాడి చేనికి ఆ ఏడు చుక్క నీరు దక్కదు.

"నా కుంట ఎండింది నిజమే సారూ. పొద్దున చూస్తే సగం నిండింది. నాకేం ఎరుక?" అన్నాడు ఓబులేసు.

"నీళ్లకు కాళ్లొచ్చినాయా?" అని అధికారి నవ్వాడు.

సర్కారు కుంటలు మాట్లాడతాయి, కానీ సొంతదారు అడిగితేనే. మారెక్క గట్టున కూర్చుని, చంటిబిడ్డ తలను నిమిరినట్టు నీటిని నిమిరింది. "చెప్పు నాయనా, నిన్నెవరు తోడుకున్యారు?"

నీటి అడుగునుంచి నిద్రమత్తు గొంతు ఒకటి మెల్లగా పైకి తేలింది.

"ఎవరూ తోడలేదమ్మా. నేనే మట్టిలోంచి పాకతా పోయినా. సంగటి మూట విప్పేముందు నువ్వు దినమూ పక్క చేనోళ్లను కేకేస్తావు కదా. వాళ్లు ఆకలితో ఉంటే ముద్ద దిగదంటావు. ఆ కుంట ఎండిపోతే నాకు నిండుగా ఉండబుద్ధి కాలేదు."

అధికారి నవ్వు ఆగిపోయింది. "కుంటే దొంగన్నమాట. దీని గొంతు, జ్ఞాపకం తుడిచేయాల."

మారెక్క ఊడలు దిగుతూ నీటికి ఎదురుచూస్తున్న తన వేరుశనగ చేనును ఒకసారి చూసుకుంది. తర్వాత తడిచేయి కొంగుకు తుడుచుకుని లేచింది.

"దానికేం తెలుసు సారూ, పసిది. ఆ బుద్ధి నేర్పింది నేను. ఓబులేసును వదిలేసి, దొంగ మారెక్క అని రాసుకోండి."