కోడలి మినిట్

"మినిట్ అంటే ఎంతమ్మా?" వంటగది గుమ్మంలో చేతికర్ర ఆనించి నిలబడి అడిగారు మామగారు.

కోడలు గిన్నె తోముతూ వెనక్కి తిరగనైనా లేదు. "అరవై సెకండ్లు మామయ్యా. గడియారాలు బాగుచేసే మీరు నన్నడుగుతారేంటి?"

"మరి టీ అడిగితే ఒక్క మినిట్ అన్నావు. ఇరవై రెండయింది."

"అయ్యో, అంతయిందా! ఒక్క మినిట్..."

"ఇదిగో, మళ్ళీ!"

సెకండు తేడా వస్తే గడియారం మూత విప్పేదాకా ఊరుకోలేని మనిషి ఆయన. మోకాలి ఆపరేషనై, షాపుకి తాళం పడి, ఇంట్లో కూలబడ్డ ఈ నెల రోజుల్లో ఆయనకి దొరికిన ఒకే ఒక్క వింత ఈ మినిట్. కూరగాయల బండివాడి మినిట్ అంటే రెండు నిమిషాలు. స్నానాలగదిలోంచి కొడుకు అరిచే మినిట్ అంటే పది. కోడలిది మాత్రం దేనికీ అందడంలేదు. పేపరు అడిగినా, కళ్ళజోడు అడిగినా అదే మాట. కూర్చుంటే కాలు నిలవక, కర్ర పట్టుకుని వంటగది నుంచి వీధి గుమ్మానికీ, వీధి గుమ్మం నుంచి వంటగదికీ తిరుగుతూ వాచీ చూసుకునేవారు. ఆమె వచ్చేసరికి ఎంతయిందో క్యాలెండర్‌లో ఆ రోజు గడిలో రాసిపెట్టేవారు.

రోజూ నడవమని డాక్టరమ్మ చెప్పకపోలేదు. "ఊరికే అటూ ఇటూ ఊగడానికి నేనేమన్నా లోలకాన్నా?" అని అప్పుడే తెగేసి చెప్పారాయన. "నడవకపోతే కాలు బిగుసుకుపోతుంది, షాపు మెట్ల సంగతి మర్చిపోండి" అని ఆవిడా అంతే తెగేసి చెప్పింది. ఆ సంగతి తేలేది ఇవాళే.

క్యాలెండర్ కాగితం చింపి జేబులో పెట్టుకుని మరీ కోడలితో కలిసి ఆసుపత్రికి బయల్దేరారు.

డాక్టరమ్మ మోకాలు వంచి చూసింది. చాచి చూసింది. మళ్ళీ వంచింది. "భేషుగ్గా ఉంది. సోమవారం షాపు తెరుచుకోండి."

మామగారు ఆవిడ ముఖంలోకి అనుమానంగా చూశారు. కాలుని ఓసారి తనే వంచుకున్నారు. నిజమే, వంగింది! అయినా జేబులోది వదలబుద్ధి కాలేదు.

"కాలు సరే, ముందిది చూడండి. మా కోడలు ఒక్క మినిట్ అన్న ప్రతిసారీ ఎంతయిందో రాశాను. మొదటివారం పన్నెండు, తరవాత పదిహేను, ఇప్పుడు ఇరవై దాటింది. రబ్బరైనా ఇంత సాగదు. ఆ ఇరవై నిమిషాలూ నేను కర్రేసుకుని ఇల్లంతా తిరగడమే! దీన్ని మినిట్ అంటారా, మీరే చెప్పండి."

కోడలు తల వంచుకుంది.

డాక్టరమ్మ కళ్ళజోడు పెట్టుకుని గడి గడికీ వేలు జరుపుతూ చదివింది. చదివి, కోడలివైపు కోపంగా తిరిగింది.

"ఏమ్మా, మొదటివారం పది నిమిషాలకి మించి నడిపించొద్దని చెప్పానా లేదా?"