మామూలే

మెడ మీద గడ్డకు తీయించిన స్కానింగు రిపోర్టు ఉదయం బస్సులోనే విప్పి చూశాను. నా హైస్కూలు ఇంగ్లీషుకు అందులో ఒక్క మాటే అందింది: జనరలైజ్డ్. జనరల్ అంటే మామూలే కదా! దేవుడు చల్లగా చూశాడనుకుని కూర్చున్నచోటే కళ్ళు మూసుకుని దండం పెట్టుకున్నాను. రేపు డాక్టరమ్మ కూడా అదే చెబుతుంది.

సాయంత్రం ఉతికిన బట్టలు మడతపెడుతూ, రేపు తోడు రమ్మందామని అన్నయ్యకు ఫోన్ చేశాను. ఎత్తలేదు.

"ఈ మగాళ్ళంతా ఇంతే," అన్నాను.

మా అమ్మాయి పుస్తకంలోంచి తలెత్తి నవ్వింది. "అదిగో, మళ్ళీ జనరలైజ్ చేశావు! ఒక్క మావయ్య ఫోనెత్తకపోతే మగజాతి మొత్తాన్ని ఉతికేయడమేనా?"

చేతిలో చొక్కా అలాగే ఉండిపోయింది. "జనరల్ అంటే మామూలని కదే?"

"జనరల్ వేరు, ఇది వేరమ్మా. ఒకచోట చూసిందాన్ని అంతటా అంతే అనేయడం."

"ఒంటి గురించి చెబితే?"

"ఒంటి గురించా? అప్పుడు... ఒకచోటే కాదు, ఒళ్ళంతా ఉందని. మా బయాలజీలో వచ్చిందిలే. ఎందుకూ?"

"ఏం లేదు. ఎక్కడో చూశాను."

చొక్కా కాలరు సరిచేసి మడతపెట్టాను. ఏడుపు రాలేదు. భయం కూడా వేయలేదు. ఇంకా నాలుగు చొక్కాలు మిగిలి ఉంటే వాటినీ మడతపెట్టాను.

"సరే తల్లీ, ఇంకెప్పుడూ అలా అనను."

"అబ్బో!" అంది అమ్మాయి పేజీ తిప్పుతూ. "ఎన్నాళ్ళుంటావో నేనూ చూస్తాగా!"