బలం బిళ్ళలు

విడవలూరు బస్సులో కోళ్ళగంప దగ్గర గొడవ మొదలైంది.

"గంప టాపు మీద పెట్టు," అన్నాడు కండక్టరు.

"పైన ఎండకు ఇవి చస్తే, నువ్వు పెడతావా గుడ్లు?" అంది మస్తానమ్మ.

బస్సంతా నవ్వింది. మస్తానమ్మ నవ్వలేదు.

కిటికీ పక్కనున్న ఒకాయన కాళ్ళ దగ్గరున్న నల్లసంచి తీసి ఒళ్ళో పెట్టుకుని, గంపకు చోటిచ్చాడు. చెమటకు రంగు పోయిన చొక్కా. ఎడమ కనుబొమ్మ మీద తెల్లటి మచ్చ.

"గుడ్లు పెడుతుండాయా అక్కా?" అని అడిగాడు.

'కోళ్ళ దళారి' అనుకుంది మస్తానమ్మ. ముక్కూ మొగం తెలియనివాడు ముందు గుడ్ల సంగతి అడిగాడంటే ఇంకేమవుతాడు?

"అన్నీ పెట్టేవే. బేరం మాత్రం నెల్లూర్లోనే."

"పెట్టేవాటిని ఎందుకు అమ్ముకుంటుండావు?"

మస్తానమ్మ గంపను దగ్గరికి లాక్కుంది.

"నా బిడ్డ పెంచలమ్మకు ఏడో నెల. ముందు రెండు కాన్పులూ మట్టిపాలైనాయి. సమితి ఆసుపత్రి నర్సమ్మ వచ్చి, కనురెప్ప తిప్పి చూసి, రక్తం లేదు, బలమైంది పెట్టమనింది. బలం బిళ్ళలు కొనాల."

"ఏ బిళ్ళలు?"

ఆమె రొంటిలోంచి ఒక ఖాళీ సీసా తీసింది. పద్మనాభయ్యగారి ఇంట్లో పారేసినది. మీద ఎర్ర చీటీ, దాని మీద కండలు తిరిగిన పిల్లోడి బొమ్మ.

ఆయన సీసా వంక చూశాడు. తన సంచి పట్టీని ఇంకొంచెం బిగించి, కోళ్ళ వంక చూశాడు.

"పద్మనాభయ్యగారి కోడలు దినానికొకటి మింగింది. కొడుకు పుట్టినాడు, డోలు మాదిరి ఉండాడు," అంది మస్తానమ్మ.

"వాళ్ళింట్లో పాడి ఉండాదా?"

"లేకేం? గొడ్లచావిడి నిండా బర్రెలే."

"మరి ఆ బలం సీసాలోంచి వచ్చిందంటావా, చావిట్లోంచి వచ్చిందంటావా?"

వెనక సీటులో ఎవరో కిసుక్కుమన్నారు. మస్తానమ్మకు చురుక్కుమంది.

"అక్కా, కోళ్ళను ఇంటికి తోలుకుపో. గుడ్లు బిడ్డకు పెట్టు. మునగాకు వండు, చిన్నచేపలు వండు. రక్తం పట్టేదానికి ఇనుము బిళ్ళలు పెద్దాసుపత్రిలో ఊరికే ఇస్తారు. బిడ్డను తీసుకొచ్చి చూపించి, అవి వాడు. ఇవి కడుపు నిండినోళ్ళ బిళ్ళలు."

"ఊరికే ఇచ్చేది మందెట్లా అయితాది? మునగాకు మా మేక గూడా తింటాది. కలిగినోళ్ళు బిళ్ళలు మింగాల, మా బోటోళ్ళు ఆకులు మెయ్యాల, అంతేనా?"

"నా చెల్లెలైనా ఇదే చెప్తా."

"నీ చెల్లెలికే చెప్పుకో! నా ధైర్యం చెడగొట్టి, దిగినాక కారుచౌకగా నా కోళ్ళు కొట్టెయ్యాలని గదా నీ ఎత్తు?"

ఆయన సంచి సర్దుకుని కిటికీ వైపు తిరిగాడు. నెల్లూర్లో దిగేటప్పుడు గంప అందుకుని కిందికి దించి, వెనక్కి చూడకుండా జనంలో కలిసిపోయాడు.

కోళ్ళు అమ్ముడుపోయాయి. మస్తానమ్మ కామాక్షయ్య మందుల అంగడి మెట్లెక్కింది.

"ఈ బిళ్ళలు మంచివేనా సామీ? విడవలూరు బస్సులో ఎవడో నా కోళ్ళగంపకు చోటిచ్చి, వీటిని కొనొద్దన్నాడు."

కామాక్షయ్య చెయ్యి సీసా మీదే ఆగింది.

"ఎవడు?"

"నల్లసంచి వేసుకున్నాడు. కనుబొమ్మ మీద మచ్చ. ఎవడో దళారి నాయాలు."

"అట్నా," అన్నాడు కామాక్షయ్య. "వాడి మాటకేంలే, తీసుకుపో. వీటిని మించినవి లేవు."

రెండు సీసాలు కట్టిచ్చాడు.

పెంచలమ్మ రోజూ ఒక బిళ్ళ మింగింది. గంజిలోకి ఊరగాయ తప్ప ఏమీ లేదే అని ఆమె అంటే, "ఆ బిళ్ళలో అన్నీ ఉండాయి, మింగు," అనేది మస్తానమ్మ. దొడ్లో మునగాకు మేకే తిన్నది. కోళ్ళగూడు తలుపు గాలికి కొట్టుకునేది.

మొదటి సీసా అయిపోకముందే నొప్పులొచ్చాయి.

పెద్దాసుపత్రికి చేర్చేసరికి కడుపులో బిడ్డకు ప్రాణం లేదు. పెంచలమ్మ పెదాలు సున్నం పూసినట్టు తెల్లబడిపోయాయి.

"ఒంట్లో రక్తమే లేదమ్మా," అంది నర్సు ఎలిశబెతు. "ఇనుము మందు మేమిస్తాం. తిండి నువ్వు పెట్టాల. గుడ్లు పెట్టు, పాలు పట్టు. లేకుంటే ఈమెను గూడా నిలపలేము. ఇంట్లో కోళ్ళు లేవా?"

మస్తానమ్మ చెయ్యి, ఆసుపత్రికి వెంట తెచ్చుకున్న రెండో సీసా మీదికి పోయింది.

ఎండలోనే దాన్ని పట్టుకుని కామాక్షయ్య అంగడికి పరుగెత్తింది. కామాక్షయ్య ఆమెను గుర్తుపట్టలేదు.

"మూత గూడా తియ్యలేదు సామీ. తీసుకుని డబ్బులియ్యి. నా బిడ్డకు గుడ్లు కొనాల. నాకు అది ఒక్కటే మిగిలింది."

"అమ్మిన సరుకు వాపసు తీసుకోనమ్మా."

ఆమె మెట్ల మీదే కూలబడి కాళ్ళు పట్టుకుంది. బజారులో పోయేవాళ్ళు ఆగి చూశారు. కామాక్షయ్య ఇబ్బందిగా కాళ్ళు లాక్కున్నాడు.

"నా చేతిలో ఏముందమ్మా? వాపసు సంగతి కంపెనీ ఏజెంటు చూడాల. పాతాయనైతే నీ ఏడుపు చూసి, తన జేబులోంచి తీసిచ్చేవాడు. ఇప్పుడొచ్చినోడు రాయి."

"ఆ పాతాయన ఎక్కడుంటాడో చెప్పు సామీ, పోయి కాళ్ళ మీద పడతా."

"ఏ ఊరు పట్టిపోయినాడో! ఉద్యోగం ఊడింది. నేనే కంపెనీకి చెప్పినా. చెప్పకుంటే మా వ్యాపారం ఏం గావాల?"

"అంత తప్పేం చేసినాడు?"

కామాక్షయ్య సీసాను తిరిగి ఆమె చేతిలో పెట్టాడు.

"ఈ బిళ్ళలే నల్లసంచి నిండా పెట్టుకుని, విడవలూరు బస్సులో ఎవరో కోళ్ళగంప ఆమెకు వీటిని కొనొద్దని చెప్పినాడమ్మా."