పాత నంబరు హెల్మెట్

"కొత్త రైడింగ్ జాకెటా, ఎవేలియో?" వేడి బెల్లం నీళ్లు అందిస్తూ అడిగింది ఘాట్ రోడ్డు మీద కొట్టు నడిపే ఎర్సీలియా. "బాగుందయ్యా. ఆ ప్రమాదం రోజూ నీ ఒంటిమీద అన్నీ మంచివే. మీ ఆవిడ హెల్మెట్‌కే కదా, బకిల్ ఊడిపోతే ఎర్రదారం కట్టావు."

"దగ్గరికేగా అనుకున్నానక్కా."

"అవునులే. నిన్ను జాకెట్ కాచింది. నూబియా ప్రాణాన్ని దారం కాచలేదు."

ఎవేలియో గ్లాసు సగంలోనే పెట్టేసి బండెక్కాడు.

పైన మంచు కమ్ముకుంది. తన ఇంజన్ చప్పుడు తప్ప మరేమీ వినిపించడం లేదు. కాసేపటికి, హెడ్‌లైట్ వెలుగు చివర ఒక హెల్మెట్ కనిపించింది. ఇక్కడ అందరికీ ఉన్నట్టే దాని వెనకా బండి నంబరు మెరుస్తోంది. తోడు దొరికిందని సంతోషించి దగ్గరికి పోనిచ్చాడు.

అది తన పాత బండి నంబరు. ఆ ప్రమాదంలో నుజ్జయి తుక్కుకు పోయిన బండి. హెల్మెట్ కింద ఎర్రదారం గాలికి ఊగుతోంది.

బండి ఆపి, లైటు ఉంచి ఇంజన్ కట్టేశాడు. కొండంతా నిశ్శబ్దం. ముందున్న బండీ ఆగింది. అది అప్పటిదాకా కూడా చప్పుడే చేయలేదని అప్పుడు తట్టింది.

అది మెల్లగా పక్కకు తిరిగింది. ఇప్పుడు అతని లైటు దాని మీద పక్కనుంచి పడింది. నూబియా ఎప్పటిలా వెనక సీటులోనే కూర్చుని ఉంది. ముందు సీటు ఖాళీగా ఉంది.

ఆమె కాస్త వెనక్కి జరిగి, అతనికి చోటిచ్చింది.