పొట్లం కాగితాలు

“నలపద్దు శెట్టి తాతా! కాగితం నలిగితే అక్షరాలు పోతాయి!”

చక్కెర పొట్లం కడుతున్న గోపాలయ్య హరిత వైపు గుర్రుగా చూశాడు. “చక్కెర కోసం వచ్చినావా, కాగితం కోసం వచ్చినావా?”

“రెండిటికీ.”

గోపాలయ్య పిసినారితనం గురించి ముదిగుబ్బలో తెలియనివాళ్ళు లేరు. ‘అప్పు అడగవద్దు’ అని పొడవాటి తోకల అక్షరాలతో తనే పలక మీద రాసి అంగడి ముందు వేలాడదీశాడు. తూకంలో ఒక్క పలుకు ఎక్కువ పడినా వెనక్కి తీసేవాడు. హరితకు కావలసిన ఇంగ్లీషు డిక్షనరీ పోయి పోయి అలాంటి మనిషి గల్లాపెట్టె పక్కన, పొట్లాలు కట్టే కాగితాల్లో చేరింది. ఏం చేస్తుంది, ఖర్మ.

“పుస్తకం మొత్తంగా ఇచ్చేయ్ తాతా. పంటొచ్చినాక నాయన దుడ్లిస్తాడు.”

“మొత్తం ఇచ్చేస్తే పొట్లాలు దేంట్లో కట్టల్ల? ఫోన్లొచ్చినాక ఈ పుస్తకాలు ఎవరిక్కావల్ల పాపా? తూకానికి పడేసి పోతాండారు. రోజూ రా, సరుకు కొను, కాగితం తీసుకుపో.”

ఎవరికీ అక్కర్లేకపోయినా హరితకు కావాలి. పోయినేడాది స్పెల్లింగ్ పోటీలో మొదటి పదానికే వేదిక దిగొచ్చింది. అంతకుముందు మూడు నెలలు నాయన ఫోన్‌లోనే చదివింది. మూడక్షరాలు కొడితే చాలు, మిగతావి ఫోనే పూర్తి చేసేది. తప్పు కొట్టినా తనే సరిదిద్ది చూపించేది. వేదిక మీద అలా అందించేవాళ్ళు లేక నోరు పెగల్లేదు.

“పదం ఎట్లా పలకాల్నో వినేదానికి ఫోను మంచిదే. రాసేదానికి మాత్రం పుస్తకం పట్టు. దాంట్లో పదం దొరకల్లంటే ముందు అక్షరాలు నీకు తెలిసుండల్ల,” అన్నారు భారతి టీచరు. జూన్‌లో తన సొంత డిక్షనరీ ఇంటికి తెచ్చి ఇచ్చారు కూడా.

హరిత నాయన గోవిందప్ప దాన్ని అక్కడికక్కడే తిరిగి టీచరు చేతిలో పెట్టాడు. “ఊరకే వచ్చేది మాకొద్దు మేడం. వానలు పడినాక నా బిడ్డకు నేనే కొనిస్తా.” చింతపండు బేరానికని చంకలో సంచితో వచ్చిన గోపాలయ్య కూడా అప్పుడు వాకిట్లోనే ఉన్నాడు. బేరం ఊసెత్తకుండానే వెళ్ళిపోయాడు. వానలు పడలేదు. శెనిక్కాయ చేను నిలువునా ఎండింది.

టీచరు వచ్చిపోయిన వారానికే శెట్టి అంగట్లో డిక్షనరీ కనబడేసరికి హరిత పట్టు పట్టింది. ఈసారీ మొదటి పదానికే దిగొస్తే మళ్ళీ పేరివ్వనని తనకు తానే ఒట్టు పెట్టుకుంది. నాయన టీకి చక్కెర, టీపొడి ఎలాగూ రోజూ తేవాలి. రెండు పొట్లాలు, రెండు కాగితాలు. ఇంటికి రాగానే సరుకు డబ్బాల్లో పోసి, కాగితాలు దులిపి, ప్రతి పదాన్నీ పైనుంచి కిందికి రాసేది. ఫోన్‌లో అడిగిన పదం ఒక్కటే వచ్చేది. ఇక్కడ దాని పైదీ కిందిదీ కూడా కంట్లో పడేవి. రేపు కొత్త కాగితాలు వచ్చిపడతాయి గనక ఇవాళ్టివి ఇవాళే నోటికి రావాలి.

మధ్యలో జ్వరంతో మూడు రోజులు అంగడికి పోలేకపోయింది. ఆ కాగితాలు ఎవరింటికి పోయాయోనని కుమిలిపోయింది. నాలుగో రోజు వెళ్తే, సరిగ్గా తను ఆగిన పదం తర్వాతి పదంతోనే కాగితం మొదలైంది. ఎంత అదృష్టమోనని పొంగిపోయింది.

“ఈ కాగితాలు వేరేవాళ్ళకు కట్టద్దు తాతా.”

“నిన్నడిగి యాపారం చేయల్లనా? పో, పో.”

డిసెంబరులో జిల్లా పోటీ జరిగింది. ఒక్కొక్కరే వేదిక దిగిపోయారు. ఆఖరి పదం వినగానే హరితకు టీపొడి వాసన తగిలినట్టయింది. ఆ కాగితం, దాని మీది మరక, మరక పక్కనే ఆ పదం కళ్ళముందు నిలిచాయి. తడబడకుండా ఒక్కో అక్షరమే చెప్పేసింది.

కప్పు పట్టుకుని నేరుగా అంగడికి పరుగెత్తింది.

“గెల్చినా తాతా!”

“గెలిస్తే గెల్చినావులే. చక్కెర ఎంత?”

“చక్కెర కాదు. కాగితాలన్నీ దాచినా, కుట్టుకుంటా. అట్టలన్నా ఇయ్యి.”

“లేవు. యాడో పారేసినా.” గోపాలయ్య చటుక్కున తక్కెడ వైపు తిరిగాడు.

“యాడ పారేసినావు? గోనెసంచి కిందనే ఉండాయి కదా!” అంటూ ఆయన భార్య వరలక్ష్మమ్మ లోపలి నుంచి అట్టలు దులుపుకుంటూ వచ్చింది. “తీసుకో పాపా. ఈయనకు ప్రతిదీ దాచిపెట్టే జబ్బు.”

హరిత పై అట్ట తెరిచింది.

లోపల, పలక మీది ఆ తోకల అక్షరాలతోనే, ‘చిరంజీవి హరితకు, ఆశీస్సులతో’ అని రాసి ఉంది.