పేరు పెట్టి పిలిచిన గోడ

ఇప్పుడు దుకాణాల గోడలన్నీ తెరలైపోయి, మనిషి కనపడగానే పేరు పెట్టి అక్షరాల్లో పలకరిస్తున్నాయి. మా ఆవిడ నూకరత్నం బతికున్నన్నాళ్లూ కుంచెతో బోర్డులు రాసేది. ఆమె రాతని ఏదో కంపెనీ ఫాంట్‌గా మార్చుకుంది. ఆమె పోయింది, రాత మాత్రం విజయనగరమంతా ఉంది.

నిన్న మెస్ ముందు నుంచి వెళ్తుంటే గోడ మీద ఆ రాతే పడింది. “పైడిరాజు గారూ, భోంచేశారా?”

నాకు ఒళ్లు మండింది. ఊరందరి పేర్లూ రాసిన మనిషి, కాపురం చేసినన్నాళ్లూ నా పేరు పలకలేదు. మా గుమ్మం మీద బోర్డుకి కూడా ఇంకో పెయింటర్ని పిలిపించింది.

“నా పేరు తీసెయ్యమ్మా,” అన్నాను మెస్ నడిపే భారతితో.

“పేరు తీసేస్తే, పేరు లేనివాళ్లని పిలిచినట్టే పిలుస్తుంది బాబాయ్. పర్లేదా?”

“పర్లేదు, తీసెయ్.”

ఇవాళ మళ్లీ అటే వెళ్లాను. గోడ మీద కుంచె రాత మెల్లగా వంపు తిరిగింది.

“ఏవండీ, భోంచేశారా?”

“ఇంకా లేదే,” అన్నాను.

అప్పటికే నా వెనక ఇంకెవరో వచ్చారు. నూకరత్నం రాత వాళ్ల పేరు రాయడం మొదలెట్టింది.