మీటరుకు పెట్టిన గంధం

"ఇప్పటికి తీరికైందా మీ కంపెనీకి?"

గుమ్మంలో చేతిసంచితో నిలబడ్డ మనిషిని చూడగానే ఈరన్న కసిరాడు.

ఆ మనిషి ఏదో చెప్పబోయాడు.

"వద్దప్పా, కతలు చెప్పొద్దు. మీటరు చూసిపొమ్మని మీకు ఫోన్లు చేసీ చేసీ నా నోరు పడిపోయినాది."

హిందూపురంలో అదొక ఆసుపత్రి. డయాలిసిస్ మిషన్లకు శుద్ధిచేసిన నీళ్ళు పంపే గది ఈరన్నది. కూతురు యామినికి ఆ మిషనే దిక్కని తెలిశాక, పెనుకొండ వదిలి వచ్చి ఆ పనిలోనే కుదిరాడు. పెళ్ళాం పోయినప్పుడే మనుషుల మీద నమ్మకం పోయింది. మిగిలింది ఆ పిల్ల ఒక్కతే.

నీళ్ళలో ఉప్పెంత ఉందో చూపే మీటరు మీద నిన్నటి ఆయుధపూజ గంధం, కుంకుమ ఇంకా ఉన్నాయి.

వచ్చిన మనిషి చూపు అక్కడే ఆగింది.

"గంధం పైనేనా, లోపల నీళ్ళలో మునిగే కడ్డీకి కూడా పెట్టినావా?"

"పెట్టకుండా? పని చేసేది అదే కదా! ఊడదీసి నిండుగా పూసినా. చూడు, పొద్దున్నుంచి అంకె ఎంత కిందికి ఉండాదో. అమ్మోరి చలవ."

"గంధం పట్టిన కడ్డీకి ఉప్పు తెలీదప్పా. నీళ్ళు చెడిపోయినా మంచివనే చూపిస్తాది. ఎవరికీ మిషన్ పెట్టొద్దని చెప్పు."

"లోపల మా పాప పడుకోనుండాది! మొన్న కరెంటు పోయి ఒక వంతు తప్పింది. ఈపొద్దు కూడా తప్పితే..."

"అందుకే ఆపమంటాండా."

ఆ గొంతులో కోపం లేదు. అదే ఈరన్నను భయపెట్టింది. వార్డులోకి పరుగెత్తి నర్సు సంగీతకు చెప్పాడు.

తిరిగొచ్చేసరికి ఆ మనిషి కడ్డీ కడిగి, సంచిలోని సీసా తీసి చిన్న గ్లాసులోకి వంచుతున్నాడు.

"లెక్కగా ఉప్పు కలిపిన నీళ్ళు. ఇందులో ముంచితే సీసా మీదున్న అంకే చూపించాల."

చూపించేదాకా మీటరును సరిచేశాడు. గ్లాసులో నీళ్ళు పారబోశాడు.

"సీసాలోకే తిరిగి పోసుకోవచ్చు కదా?"

"ఒకతూరి ముంచినాక వాటి సాక్ష్యం చెల్లదు."

కడ్డీ బిగించాడు. అంకె ఎగబాకింది. అలారం మోగింది.

ఈరన్న వార్డు వైపు చూశాడు. యామినికి వెళ్ళబోయిన నీళ్ళవే.

చూస్తే ఫిల్టరు మూతలో రబ్బరు రింగు చీలి ఉంది. కొత్తది తెప్పించి వేసి, అంకె దిగేసరికి మధ్యాహ్నం దాటింది.

అంత ఉక్కలోనూ ఆ మనిషి పొడుగుచేతుల చొక్కా మడవలేదు. ఈరన్న చెంబుతో నీళ్ళిస్తే, పెదవులు తడుపుకుని కింద పెట్టేశాడు.

"ఏమబ్బా, మా నీళ్ళు పట్టవా?"

అతను నవ్వి, మీటరు అంకె మరోసారి చూశాడు.

సంగీత తలుపు దగ్గరికి వచ్చింది. "ఈరన్నా, పొద్దు పోయింది. ఒకరిని రేపటికి మార్చాల. ఆఖరి పేరు యామినిదే."

ఈరన్న గోడకు ఆనుకున్నాడు.

ఆ మనిషి సంచి సర్దుకున్నాడు. "వచ్చే పండక్కి పైడబ్బాకు పెట్టు గంధం, చాలు." సంగీత వెంట బయటికి నడిచాడు.

పని కాగానే జారుకున్నాడు, కంపెనీ మనిషి కదా అనుకున్నాడు ఈరన్న.

కాసేపటికి యామినికి మిషన్ పెట్టారు. ఈరన్న నమ్మలేకపోయాడు.

"సిస్టరమ్మా, రేపొస్తానని ఒప్పుకున్న పుణ్యాత్ముడెవరు?"

"కేశవమూర్తని, కొత్త పేషంటు. మొన్ననే లేపాక్షికి మారినాడంట. రేపు పొద్దున మొదటి మిషన్ ఆయనకే."

"ఆయనొచ్చేలోపల నీళ్ళు సిద్ధంగా పెడతా. ఎట్లుంటాడు మనిషి?"

సంగీత వింతగా చూసింది. "పొద్దున్నుంచి నీ గదిలోనే ఉండె కదప్పా! ఇట్లాంటి మీటర్లు బాగుచేసే పనే చేసినాడంట, మిషనెక్కే ముందు నీళ్ళు తానే చూసుకుంటానని వచ్చినాడు."

ఈరన్న చెంబు వైపు చూశాడు. గుక్కెడుకు మించి తాగకూడని యామిని రోజూ పెదవులు తడుపుకుని తిరిగిచ్చే చెంబులాగే, అందులో నీళ్ళు నిండుగా ఉన్నాయి.